మా టైపు సారు, మూడు చుక్కల నూనె

మా టైపు సారు పోయారు. గురువారం పొద్దున, ఏడు గంటల బ్యాచి నడుస్తుండగా, తన కుర్చీలోనే పోయారు. ముందురోజు సాయంత్రం కూడా రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగిన మనిషి. జ్వరం లేదు, దగ్గు లేదు, ఆసుపత్రి గుమ్మం తొక్కింది లేదు. కబురు చెప్పింది మా హార్డ్‌వేర్ భాయ్. ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లకు ఏ రోగమొచ్చినా చూసేది ఆయనే. నేను ఆఫీసుకు వచ్చి బ్యాగు బల్ల మీద పెడుతుంటే ఫోన్ మోగింది.

"బేటీ, జర కూసో. సార్ లేడు మనకు," అన్నాడు.

"ఏ సారు?" అని అడిగాను. నాకున్నది ఒక్క సారు. అయినా అట్లాగే అడిగాను. "ఏ సారు భాయ్, సరిగ చెప్పరాదు?" అని మళ్లీ గట్టిగా అడిగాను, కోపం వచ్చినట్టు. పక్క సీట్ల వాళ్లు తలలు తిప్పి చూశారు. అవతల భాయ్ ఏడుస్తున్నాడని అప్పటికి అర్థమైంది.

జరిగిన తీరు విన్నాక ఇంకా దిమ్మెరపోయాను. సారు పొద్దున్నే వచ్చి, తన బల్ల మీది కంప్యూటర్ వేసి, తెర మీద ఉన్న బొమ్మను మౌస్‌తో ఒక్కసారి నొక్కి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారట. ఎదురుగా ఆరుగురు ఆడపిల్లలు టైపు కొడుతున్నారు. వాళ్లెవరూ కంగారు పడలేదు. సారు రోజూ అట్లాగే కూర్చుంటారు. ఆ కంప్యూటర్ పాతది, నొక్కిన బొమ్మ తెరుచుకోవడానికి టైం పడుతుంది, అది తెరుచుకునేదాకా ఆయన అట్లా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం వాళ్లకు అలవాటే. ఇరవై నిమిషాల తర్వాత ఒక పిల్ల పేపరు దిద్దించుకోవడానికి లేచి వెళ్లింది. తెర ఎప్పుడో తెరుచుకుని ఉంది. సారు కళ్లు తెరవలేదు.

ఇది విని ఇవాళ్టికి పదహారు రోజులు. అన్నం కలుపుకుంటూ, బస్సులో నిలబడి, ఫైలు మీద నంబరు వేస్తూ ఉన్నట్టుండి ఆగిపోతున్నాను. ఆ పిల్లల తప్పు కాదు. వాళ్ల స్థానంలో నేనున్నా అట్లాగే అనుకునేదాన్ని. ఎందుకంటే ఆ అలవాటు మొదలైన రోజున నేనక్కడే ఉన్నాను. ఇంకా చెప్పాలంటే ఆ రోజుల్లో నేను ఒక పని చేశాను. అది సారుకు చెప్పాలని తొమ్మిదేళ్లుగా అనుకుంటూ చెప్పలేదు. చెప్పడానికి ఆయన ఎప్పుడూ ఉంటారనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

సంతోష్‌నగర్‌లో మందుల దుకాణం పక్కనుంచి సన్నటి మెట్లు పైకి వెళ్తే సారు ఇన్‌స్టిట్యూట్. ముందు గదిలో పన్నెండు టైపు మిషన్లు, లోపలి గదిలో ఆరు కంప్యూటర్లు. సారుది కృష్ణా జిల్లా. ఇరవై ఏళ్ల వయసులో ఉద్యోగానికని వచ్చి, అది మానేసి, ఇక్కడే ఉండిపోయారు. మాట ఆ వైపుదే. మధ్యలో మా మాటలు కలుపుతారు. దిగులు పడొద్దనడానికి "ఫికరు పెట్టుకోకండమ్మా" అనేవారు. ఫికరుకు 'అండి' తగిలించే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మాది చాంద్రాయణగుట్ట దగ్గర. బర్రెల ఇల్లు. బాపు సైకిల్ మీద పాల క్యాన్లు వేసుకుని తెల్లారకముందే బయల్దేరేవాడు. ఇంటి ముందు మాకొక పాల కౌంటరు. అందులో ఒక స్టూలు. మా మేనత్త ఇరవై ఏళ్లుగా ఆ స్టూలు మీదే కూర్చుంది. నాకు పాలంటే చిన్నచూపు లేదు. ఆ స్టూలంటే భయం. టైపిస్టు ఉద్యోగం పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పాను. మూడోసారికి బాపు ఒకటే మాటన్నాడు. "గిదే ఆఖరు బిడ్డా. గీసారి గాకపోతే అత్త పక్కకు ఇంకో స్టూల్ ఏస్త."

టైపులో నా చేయి మంచిదే. సారే అనేవారు. నా తొందరే నా శత్రువు. నాకు కేటాయించినది నాలుగో నంబరు మిషను. దానికొక తెగులు ఉండేది. ఇంగ్లీషు 'ఈ' అక్షరం వరసలో నిలబడక వెంట్రుకవాసి పైకి ఎగిరేది. ఏ కాగితం చూసినా అది నాలుగో నంబరుదని మేం ఇట్టే చెప్పేవాళ్లం. సారు మాత్రం తన చీటీలు, నోటీసులు అన్నీ ఒకటో నంబరు మీదే కొట్టేవారు. దాన్ని ఇంకెవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

శనివారాలు మిషన్లకు తలంటు. ఆ మాట సారుదే. బ్రష్షుతో దుమ్ము దులిపి, అచ్చుల్లో ఇరుక్కున్న సిరా గీకి, కాగితాన్ని మోసే క్యారేజీ నడిచే పట్టాల మీద నూనె డబ్బాతో రెండంటే రెండు చుక్కలు. పొడుగు ముక్కున్న చిన్న రేకు డబ్బా అది. మిషను బరువెక్కితే, అక్షరం వెనకబడితే, మా అందరికీ తెలిసిన మందు ఆ నూనె ఒక్కటే.

ఆ మూడో పరీక్ష నోటిఫికేషన్‌లో కొత్త మెలిక పెట్టారు. టైపు కంప్యూటర్ మీదే కొట్టాలి, అదీ మౌస్‌తో బొమ్మలు నొక్కే కొత్త రకం మీద. మా ఆరు కంప్యూటర్లూ ఎవరో ఆఫీసు వాళ్లు వాడి వదిలేసినవి. వాటిలో నల్ల తెర, తెల్ల అక్షరాలు తప్ప ఏమీ ఉండేవి కావు. సారు భాయ్‌ని పిలిపించారు. భాయ్ ఒక్క పూటలో ఆరింటికీ కొత్త రకం ఎక్కించి, ఆరు మౌస్‌లు తగిలించి, చేతులు తుడుచుకున్నాడు.

"చల్తే సార్, దౌడ్తే నై," అన్నాడు. నడుస్తాయి, ఉరకవు అని. "మెషీన్లు ముసలివైనయ్. పైన ఇంత బరువు పెడ్తే ఎట్ల ఉరుకుతయ్?"

ఉరకడం కాదు, అవి పాకలేదు కూడా. తెర మీద రంగురంగుల పూలతోట బొమ్మ వచ్చింది. మేమంతా చుట్టూ మూగి చూశాం. ఆ తోట పైనుంచి కిందికి గీత గీతగా దిగేలోపు ఒక పిల్ల కిందికెళ్లి చాక్లెట్ కొనుక్కొచ్చింది. బొమ్మ నొక్కితే ఏమీ జరగదు. జరగలేదని మళ్లీ నొక్కుతాం. మళ్లీ. అప్పుడు ఒక్కసారిగా ఏడు కిటికీలు తెరుచుకుంటాయి, కంప్యూటర్ కొయ్యబారిపోతుంది. నా సంగతి చెప్పాను కదా, తొందర మనిషిని. మొదటి రోజు నా కంప్యూటర్ పదకొండుసార్లు కొయ్యబారింది.

సారు నా వెనక నిలబడి చూశారు. "అమ్మాయ్, ఇంట్లో ముసలాళ్లున్నారా?" అని అడిగారు.

"మా నాయినమ్మ ఉన్నది సార్."

"ఆవిణ్ని మంచినీళ్లడిగి, ఆవిడ లేచేలోగా ఇంకో ఆరుసార్లు అడుగుతావా?"

"అడిగితే కట్టె తీసుకుంటది సార్."

"మరి? ఒక్కసారి నొక్కు. చేతులు ఒళ్లో పెట్టుకో. వినపడింది దానికి, వస్తోంది."

అప్పట్నుంచి అది మా ఇన్‌స్టిట్యూట్ నియమం. ఒక్కసారి నొక్కు, చేతులు ఒళ్లో పెట్టుకో. సారు కూడా అట్లాగే కూర్చునేవారు, బడిలో పిల్లాడిలా.

నాకు మాత్రం ఆ ఓపిక కుదరలేదు. పరీక్ష రెండు వారాల్లో ఉంది. తెర మీది బాణం నేను మౌస్ జరిపితే జరగదు, ఆగి ఆగి గెంతుతుంది. కంప్యూటర్ ముసలిదై, మోయలేక అట్లా గెంతుతోందని ఇప్పుడు తెలుసు. అప్పుడు నా టైపు బుర్రకు తోచింది ఒక్కటే. మౌస్ లోపల ఎండిపోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం సారు మిషన్లు తుడిచే గుడ్డల కోసం ఉస్మాన్‌గంజ్ వెళ్లారు. తలంటు పని నాకు అప్పగించి గది తాళంచెవి ఇచ్చారు. టైపు మిషన్లు అయ్యాక నూనె డబ్బా పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాను. కంప్యూటర్ సామాను సారు, భాయ్ తప్ప ఎవరూ విప్పకూడదు. ఒకసారి ఒక మరమేకు తిప్పినందుకు సారు ఒకమ్మాయిని బ్యాచి మాన్పించారు. అది తెలిసే విప్పాను. ఆ కాలపు మౌస్‌ల కడుపులో రబ్బరు తొడుగున్న ఒక గుండు ఉండేది. కింద చక్రం తిప్పితే గుండు అరచేతిలో పడింది. లోపల సన్నటి రెండు కడ్డీలు, వాటికి పట్టిన మట్టి. నాకెంత సంతోషమో! ఇదే కదా క్యారేజీ పట్టా అనుకున్నాను. మట్టి గీకి రెండు చుక్కలు వేశాను. పరీక్ష దగ్గర పడింది కదా అని ఇంకో చుక్క వేశాను. ఆరు మౌస్‌లకూ తలా మూడు చుక్కలు.

ఆ సాయంత్రం మౌస్‌లు వెన్న మీద జారినట్టు జారాయి. నేను సాధించాననుకున్నాను. సోమవారం పొద్దున ఒక్క బాణం కూడా కదల్లేదు. రబ్బరు నూనె తాగి ఉబ్బింది, గుండు కడ్డీని పట్టకుండా జారిపోతోంది, మిగిలిన మట్టి నూనెలో కలిసి జిగురైంది. ఆరుకు ఆరూ పోయాయి.

సారు ఒక మౌస్ విప్పారు. గుండు వేళ్ల మధ్య తిప్పారు. జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుని, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లు ఆ నూనెతో బతికిన మనిషికి ఆ వాసన తెలియదా? తెలియలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆయన బ్యాచి మొత్తాన్నీ చూసి, "ఎవరికైనా నాతో ఏమైనా చెప్పాల్సింది ఉందామ్మా?" అని అడిగారు. ఒక్కసారే అడిగారు. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

నేను కీబోర్డు మీద 'ఏ' అక్షరం చూస్తూ కూర్చున్నాను. చెబితే మాన్పిస్తారు. మాన్పిస్తే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే స్టూలు. గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కాసేపటికి సారు లేచారు.

కొత్త మౌస్‌లు తెమ్మంటే భాయ్ తల గోక్కున్నాడు. ఆ పాత కంప్యూటర్లకు పట్టే పిన్ను మౌస్‌లు ఇప్పుడు రావడం లేదు, వెతకాలి, పది పదిహేను రోజులు పడుతుంది అన్నాడు. అంటే పరీక్ష అయ్యాక. ఈ మాట ఎట్లాగో మా ఇంటికి చేరింది. మర్నాడు బాపు పాల సైకిల్ కింద ఆనించి, ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. జీవితంలో ఆ మెట్లు ఎక్కింది అదొక్కసారే.

"ఏంది సారు గిది? పరీక్ష నెత్తిమీదికొచ్చె. సామానేమో నడుస్తలేదంటున్రు. నా బిడ్డ ఏం గావాలె?" గొంతు గది దాటి మెట్ల దాకా వెళ్లింది.

సారు లేచి నిలబడ్డారు. నేను ఆయనకు మూడడుగుల దూరంలో ఉన్నాను. "తప్పు నాదేనండి," అన్నారు. "ముసలి మెషీన్ల మీద కొత్తది ఎక్కించాను. అవి తట్టుకోలేకపోయాయి. మీ అమ్మాయి పరీక్షకు నాది పూచీ."

బాపు లొల్లి పెట్టుకుందామని వచ్చినవాడు. అవతలి మనిషి తప్పు నాదే అనేసరికి చల్లబడ్డాడు. కంప్యూటర్ వైపు కాసేపు చూసి, "ముసలి బర్రెకు కొత్త దాణా పడదు సారు. కొంచెం కొంచెం అలవాటు చెయ్యాలె," అని చెప్పి దిగిపోయాడు. సారుకు ఆ మాట మహా నచ్చింది. తర్వాత ఎన్నేళ్లో, ఎవరు కొత్త రకం అడిగినా "మా పాలాయన చెప్పాడు" అని మొదలుపెట్టి ఆ బర్రె మాట చెప్పేవారు. చెప్పిన ప్రతిసారీ నా తల నేలకు దిగేది.

ఆ తర్వాత పన్నెండు రోజులు సారు చేసిన పని ఎవరూ చేయరు. ముందు భాయ్ చేత తెర మీది ముస్తాబంతా తీయించారు. పూలతోట తీసేశారు. చప్పుళ్లు తీసేశారు. కిటికీలు జారుకుంటూ తెరుచుకునే సింగారం తీసేశారు. "పెళ్లైపోయిందమ్మా, పందిరి విప్పేద్దాం," అన్నారు. బూడిదరంగు తెర మిగిలింది. కంప్యూటర్‌కు కొంచెం ఊపిరి ఆడింది. తర్వాత మౌస్‌లు ఆరూ ఊడదీసి బీరువాలో పెట్టేశారు. ఏ మీట ఏ మీటతో కలిపి కొడితే ఏ కిటికీ తెరుచుకుంటుందో, ఎట్లా మూసుకుంటుందో, ఒక కిటికీ నుంచి ఇంకోదానికి ఎట్లా పోవాలో తను రాత్రంతా పుస్తకం చదివి నేర్చుకుని, ఒకటో నంబరు మీద చార్టు కొట్టి, కార్బను కాపీలు తీసి, ఆరు కంప్యూటర్ల పక్కనా అతికించారు.

"పది వేళ్లిచ్చాడు దేవుడు. మౌస్ పట్టుకుంటే ఐదు ఖాళీగా కూర్చుంటాయి," అనేవారు.

తెర వెనకబడేది. మేం కొట్టిన మాట నాలుగు మాటల తర్వాత కనపడేది. మిగతా ఇన్‌స్టిట్యూట్లలో పిల్లలు అక్కడే ఆగిపోతారట, కొట్టింది పోయిందనుకుని మళ్లీ కొడతారట. సారు మా తెరల మీద తువ్వాళ్లు కప్పేశారు. "టైపు మిషనులో ఎక్కించిన కాగితం చూస్తూ కొడతావా? లేదు కదా. ఇదీ అంతే. వేళ్లు ఆపకు. నువ్వు కొట్టింది ఎక్కడికీ పోదమ్మా. ఆలస్యంగానైనా వస్తుంది," అనేవారు. నేను తువ్వాలు కప్పిన తెర ముందు కూర్చుని కొట్టేదాన్ని. తువ్వాలు తీస్తే అక్షరం పొల్లుపోకుండా అంతా అక్కడ ఉండేది.

పరీక్ష హాల్లో కంప్యూటర్లు మావాటికి పెద్దక్కలు, ఇంకా ముసలివి. టైం మొదలవగానే చుట్టూ టకటకా మౌస్‌లు నొక్కిన చప్పుడు. క్షణాల్లో "సార్, నాది ఆగిపోయింది" అని అన్ని వైపుల నుంచీ చేతులు లేచాయి. నేను మీట కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. పర్యవేక్షణకు వచ్చినావిడ నా దగ్గర ఆగింది.

"ఏమ్మా, రాయవా? గట్ల కూసున్నవేంది?"

"వస్తున్నది మేడం," అన్నాను.

వచ్చింది. కొట్టాను. తెర ఎంత వెనకబడినా కన్నెత్తి చూడలేదు. ఉద్యోగం వచ్చింది. రెండో స్టూలు మా కౌంటరులోకి రాలేదు.

ఆర్డరు తీసుకుని మొదట సారు దగ్గరికే వెళ్లాను. మెట్లు ఎక్కుతూ మాటలు కూడబలుక్కున్నాను. సార్, మౌస్‌లల్ల నూనె పోసింది నేనే. అంతే, ఐదారు మాటలు. సారు ఆర్డరు రెండుసార్లు చదివి, బ్యాచి మొత్తానికీ వినపడేలా ఇంకోసారి చదివి, నా నోట్లో మైసూర్‌పాక్ పెట్టారు. నోట్లో తీపి పెట్టుకుని ఆ మాట ఎట్లా చెప్పను? ఇంకోసారి చెబుతాననుకున్నాను.

ఆ ఇంకోసారి తొమ్మిదేళ్లు సాగింది. ఏడాదికి రెండు మూడుసార్లు మా ఇంటి పాలతో చేసిన కోవా తీసుకుని సారు ఇంటికి వెళ్లేదాన్ని. సారు భార్యను ఆంటీ అనేదాన్ని, ఆమె చాయ్ ఇచ్చేది. సారు ఆఫీసు సంగతులు అడిగేవారు. బాపు మోకాళ్లు, బర్రెల ఈతలు, అన్నీ అడిగేవారు. అన్నీ అయ్యాక "ఇంకేంటమ్మా?" అని, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చునేవారు. ముసలితనం వచ్చి మాటలు అయిపోతున్నాయేమో అనుకునేదాన్ని. "అంతే సార్, పోయొస్త," అని లేచేదాన్ని. మెట్లు దిగాక నన్ను నేను తిట్టుకునేదాన్ని. నా మొహానికి అదొక ఆనవాయితీ అయిపోయింది.

చివరిసారి చూసింది ఆయన పోవడానికి పది రోజుల ముందు, చాంద్రాయణగుట్ట చౌరస్తాలో. చేతిలో గుడ్డ సంచి, చెమట. ఈసారి చెప్పేద్దామని నిజంగా నోరు తెరిచాను. "సార్, మీకొక మాట చెప్పాలె," అన్నాను. ఆ మాట దాకా వెళ్లడం అదే మొదలు. సారు మొహం ఎట్లా వెలిగిందో చెప్పలేను. సంచి కింద పెట్టారు. సంచి కింద పెట్టి, రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడ్డారు. అంతలో ఆయన బస్సు వచ్చింది. "పోండ్రి సార్, మళ్లొచ్చే ఆదివారం ఇంటికొచ్చి చెప్త," అని నేనే ఎక్కించాను. ఆయన ఎక్కనని అన్నారు. నేనే, చెయ్యి పట్టి ఎక్కించాను. ఆ ఆదివారం ఆఫీసు పని ఉందని వెళ్లలేదు. గురువారం భాయ్ ఫోన్ చేశాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆంటీ నన్ను పిలిచింది. "పిల్లలకు ఆదివారం పరీక్ష ఉందంటమ్మా. ఒక్క పూట వచ్చి కూర్చోగలవా? ఆయన పోయినా వాళ్ల పరీక్ష పోకూడదు కదా," అంది. సెలవు పెట్టి వెళ్లాను. ఆంటీ తాళాలన్నీ తెచ్చి ఇన్‌స్టిట్యూట్ తెరిచి పెట్టింది. ఆరుగురు పిల్లలూ కంప్యూటర్ల ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఆ కంప్యూటర్లు కూడా ఎవరో వాడి వదిలేసినవే, మా నాటి వాటి తర్వాతి తరం. సారు కుర్చీ ఖాళీగా ఉంది. దానివైపు ఎవరూ చూడటం లేదు.

కీబోర్డుల మీద దుమ్ము చేరింది. తుడిచే గుడ్డ కోసం బీరువా తెరిచాను. సారు ఉన్నప్పుడు ఆ బీరువా తాళం ఆయన జేబులోనే ఉండేది, నేను ఎన్నడూ తెరవలేదు. గుడ్డల వెనక నూనె డబ్బా ఉంది. పొడుగు ముక్కు రేకు డబ్బా. మెడకు దారంతో ఒక చీటీ కట్టి ఉంది. కాగితం పసుపెక్కింది. 'టైపు మిషన్లకు మాత్రమే' అని ఇంగ్లీషులో కొట్టి ఉంది. సారు ఎప్పుడూ ఒకటో నంబరు మీదే కొడతారు కదా. ఈ చీటీలో 'ఈ' అక్షరాలన్నీ వెంట్రుకవాసి పైకి ఎగిరి ఉన్నాయి.

నాలుగో నంబరు. నా మిషను. నేను ఉద్యోగంలో చేరిన నెలకే అది పాత ఇనుములోకి పోయింది. అంటే ఆ పన్నెండు రోజుల్లోనో, ఆ తర్వాత కొన్నాళ్లకో, నేను లేనప్పుడు సారు వెళ్లి నా మిషను ముందు కూర్చుని, ఈ చీటీ కొట్టారు. ఎవరు పోశారో ఆయనకు తెలుసు. బాపు ముందు నిలబడి "తప్పు నాదేనండి" అన్నప్పుడే తెలుసు. నా నోట్లో మైసూర్‌పాక్ పెట్టినప్పుడూ తెలుసు. "ఇంకేంటమ్మా?" అని ఆగిన ప్రతిసారీ తెలుసు. నేను చెబుతానని కూర్చున్నారు. రెండోసారి అడగలేదు. తొమ్మిదేళ్లు అడగలేదు.

డబ్బా చేతిలోకి తీసుకుని, బీరువా తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆంటీ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "ఏమైందమ్మా?" అంది.

"ఆంటీ, అప్పుడు మౌస్‌లల్ల నూనె పోసింది నేను," అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. డబ్బా నా చేతిలోంచి తీసుకుని, చీటీ సరిచేసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "చెప్పావు కదా. పిల్లలు చూస్తున్నారు, వెళ్లు," అంది.

డబ్బా తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టాను. పిల్లలకు మొదట్నుంచీ చెప్పాను. స్టూలు, శనివారం, మూడు చుక్కలు, బాపు లొల్లి, అన్నీ చెప్పాను. బాపు బర్రె మాట దగ్గర ఒక పిల్ల ఫక్కున నవ్వి, నోరు మూసుకుంది. నవ్వమన్నాను. పేపరు దిద్దించుకోవడానికి లేచి సారును మొదట చూసిన పిల్ల, "మేం సార్‌ను లేపితే బాగుండెనా మేడం?" అని మెల్లగా అడిగింది.

"నేనున్నా లేపేదాన్ని కాదు," అన్నాను. అది నిజం. అంతకంటే ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

పరీక్ష ఆదివారమే కదా, ఇక మొదలుపెడదాం అన్నాను. సారు కుర్చీలో కూర్చోలేకపోయాను. పక్కన స్టూలు వేసుకుని, ఆయన కంప్యూటర్ వేశాను. ఆరుగురూ తమవి వేశారు. బూడిదరంగు తెరలు మెల్లగా వెలిగాయి. తెర మీది బొమ్మను అందరం ఒక్కసారి నొక్కాం. నేను చెప్పకుండానే ఆరుగురూ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎవరూ రెండోసారి నొక్కలేదు.